బొమ్మ పడింది – 9: కృష్ణుడి ముఖం

మా మేనత్తది దివిసీమలో ఒక చిన్న ఊరు. వంటింటి గోడలోకి తొలిచిన దేవుడి గూడు ఉండేది ఆవిడకి. ఇత్తడి లక్ష్మీదేవి, చవితినాటి మట్టి వినాయకుడు, వాళ్ల వెనక మేకుకు తగిలించిన క్యాలెండర్ అట్ట. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి. అడుగున బందరు బట్టల కొట్టు పేరు సగం మాసిపోయింది. అట్ట మీద నీలంగా కృష్ణుడు, తల కాస్త పక్కకు వాల్చి నవ్వుతూ. అత్త రోజూ నుదుట పెట్టే కుంకం పెచ్చు కట్టి, అచ్చులో ఉన్న తిలకం కనపడేదే కాదు. ఎనిమిదేళ్ల వయసులో నాకో అనుమానం వచ్చింది. "అత్తా, ఈయన ఎన్టీవోడు కదూ?" అన్నాను. గరిటె చూపించి, "కళ్లు పోతాయిరా వెధవా, లెంపలేసుకో" అంది. వేసుకున్నాను. ఆ వారంలోనే అవనిగడ్డ హాల్లో 'మాయాబజార్' మళ్లీ వేశారు. నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. తెర మీద కృష్ణుడు కనపడగానే పక్కావిడ మోచెయ్యి పొడిచి, "రామారావు ఎంత బాగున్నాడో చూడు!" అంది.

గూట్లో ఉన్నది రామారావు కాడు, తెర మీద ఉన్నది కృష్ణుడు కాడు. అత్తకి ఈ రెండిటి మధ్యా ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా నాకే. ఈ ధారావాహిక రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టిందేమో.

పోయిన సంచికలో రవివర్మ అచ్చుయంత్రం దగ్గర ఆగాం. 1894లో బొంబాయిలో మొదలైన ఆ ప్రెస్సు, గర్భగుడి చీకట్లో ఉండే లక్ష్మికీ సరస్వతికీ మనిషి ముఖం ఇచ్చి ఇళ్ల గోడల మీదికి తెచ్చిందని చెప్పుకున్నాం. అదే ప్రెస్సులో కొన్నాళ్లు పనిచేసిన ఫాల్కే తర్వాత సినిమాల్లోకి దిగి, 1919 నాటి 'కాళీయమర్దన్'లో తన కూతురు మందాకిని చేత కృష్ణుడి వేషం వేయించాడు. మన దేశపు తెర మీద తొలినాటి కృష్ణుల్లో ఒకరు చిన్న ఆడపిల్ల అన్నమాట. దేవుడి ముఖం అప్పటికింకా ఎవరి పేరునా రిజిస్టరు కాలేదు.

తెలుగునాట అప్పట్లో కృష్ణుడంటే ముఖం కాదు, గొంతు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడుతున్న కాలం. పెట్రోమాక్స్ దీపం వెలుగులో, వెనక చాప మీద కూర్చున్నవాడికి నటుడి కనుముక్కు తీరు ఏం కనపడుతుంది? కిరీటం తళుకు, పంచె అంచు, అంతే. కానీ పద్యం మాత్రం ఊరి పొలిమేర దాకా వినపడేది. రాగం సాగదీసి ఆపిన చోట 'వన్స్ మోర్' పడితే వాడే కృష్ణుడు. ఈలపాట రఘురామయ్య కృష్ణుడూ, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడూ పోలికలో ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు. ఒక ఊరి వాళ్లు ఒకే ఏడాదిలో నలుగురు కృష్ణుల్ని చూసి, నలుగురికీ దండం పెట్టి, ఎవరి పద్యం మిన్న అని రచ్చబండ మీద తగువులాడుకునేవారు.

తొలి టాకీలు కూడా ఆ నాటకాలకు కెమెరా పెట్టినవే. 1936లో ద్రౌపది వస్త్రాపహరణం మీదే పోటాపోటీగా రెండు సినిమాలు వచ్చాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో కృష్ణుడు సీఎస్సార్ ఆంజనేయులు, 'ద్రౌపదీ మానసంరక్షణం'లో కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. ఈ సీఎస్సార్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ కావాలి. పూర్తి పేరు చిలకలపూడి సీతారామాంజనేయులు. రంగస్థలం మీద పేరున్న కృష్ణుడు. పి.పుల్లయ్య 1939లో తీసిన వేంకటేశ్వర మహాత్మ్యంలో ఆయనే వేంకటేశ్వరుడు. ఆనాటి జనానికి తిరుపతి వెంకన్న తెర మీద సీఎస్సార్ ముఖంతోనే కనిపించాడు.

ఇప్పుడు ఆ ముఖం ఎవరి పూజగదిలో ఉంది?

ఇక్కడో విచిత్రం చూడండి. 1936లో ఒక 'మాయాబజార్' వచ్చింది, శశిరేఖా పరిణయం అన్న పేరు కూడా ఉంది దానికి. శాంతకుమారి తొలి వేషం అందులోనే, శశిరేఖగా. 1957లో మళ్లీ 'మాయాబజార్'. 1939లో పుల్లయ్య గారు తీసిన వేంకటేశ్వర మహాత్మ్యాన్ని 1960లో ఆయనే మళ్లీ తీశారు. మొదటి దాంట్లో పద్మావతి అయిన శాంతకుమారి రెండో దాంట్లో వకుళమాత. 1934లో సి.పుల్లయ్య 'లవకుశ' తీస్తే జనం బ్రహ్మరథం పట్టారు. ఆయనే మళ్లీ మొదలుపెట్టి, కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేయగా 1963లో రంగుల 'లవకుశ' వచ్చింది. మూడు కథలూ రెండేసి సార్లు తెరకెక్కాయి. మొదటిసారి కృష్ణుడు, వెంకన్న, రాముడు ముగ్గురూ వేర్వేరు మనుషులు. రెండోసారి ముగ్గురూ ఒక్కడే. మొదటి ముఖాలు మాసిపోయాయి, రెండోది పచ్చబొట్టులా మిగిలిపోయింది.

రామారావు అందగాడు కాబట్టి అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. అందగాడే, కాదనను. కానీ అంతకుముందు ఒక సినిమాలో ఆ అందగాడే కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చలేదనీ, ఆ భయంతోనే 'మాయాబజార్' వేషానికి వెనకాడాడనీ, దర్శకుడు కె.వి.రెడ్డి పట్టుబట్టి ఒప్పించాడనీ చిత్రసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముఖం అదే అయినా మొదటిసారి కుదరలేదంటే, కుదిర్చినవాళ్లు వేరే ఉన్నారన్నమాట. కిరీటం ఎంత ఎత్తుండాలి, పింఛం ఎటు వాలాలి, నగ ఎక్కడ ఆగాలి అన్నది గోఖలే, కళాధర్ లాంటి కళాదర్శకులు కాగితం మీద గీసి తేల్చారు. వెలుగు ఎటునుంచి పడాలో మార్కస్ బార్ట్‌లీ కెమెరా తేల్చింది. అప్పటికి రామారావుకి ముప్ఫై నాలుగు నిండలేదు. మేనల్లుడు అభిమన్యుడిగా వేసిన అక్కినేని ఆయనకన్నా ఏడాదిన్నర కూడా చిన్న కాదు. హాల్లో ఈ లెక్క ఎవరికైనా గుర్తొచ్చిందా? మేనమామ మేనమామలాగే ఉన్నాడు, అల్లుడు అల్లుడిలాగే ఉన్నాడు.

నాకు తోచే ఇంకో కారణం ఘంటసాల. రామారావు కృష్ణుడైనా, అక్కినేని అభిమన్యుడైనా, పాట అందుకుంటే గొంతు ఒకటే. ప్లేబ్యాక్ వచ్చాక పద్యాన్ని బట్టి కృష్ణుణ్ణి గుర్తుపట్టే వీలు పోయింది. నాటకాల రోజుల్లో చెవి చేసిన పని కన్నుకి బదిలీ అయింది. దేవుళ్లందరికీ ఒకే గొంతు దొరికినప్పుడు, ఎవరు ఎవరో చెప్పాల్సిన భారం ముఖం మీద పడింది.

ఆపైన ఊరూరికీ చేరిన బొమ్మ సంగతి. 1934 నాటికి హాళ్లెన్ని? ఊళ్లకి కరెంటెక్కడిది? 1957 తర్వాత సంగతి వేరు. టూరింగ్ టాకీసు డేరాలు, నేల టికెట్టు, ఇసకలో చాపలు. పట్నంలో వంద రోజులాడిన పెట్టె ఏళ్ల తరబడి పల్లెలు తిరిగేది. శివరాత్రి జాగారానికి ఒకసారి, తిరణాలకి ఒకసారి, వసూళ్లు తగ్గిన వారం పాత బొమ్మగా మరోసారి. ఒక మనిషి జీవితంలో ఒకే కృష్ణుణ్ణి పదిసార్లు చూడటం చరిత్రలో అదే మొదలు. నాటకంలో పదిసార్లు చూస్తే పది ముఖాలు. ఇంటికొస్తే రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం, పెళ్లి పందిట్లో మైకుసెట్టు, గోడ మీద శివకాశి అచ్చు క్యాలెండర్. మా అత్త క్యాలెండర్ ఏ చిత్రకారుడు వేశాడో తెలీదు గానీ, ఆయన కూడా ఏదో హాల్లో నేల టికెట్టు మీద కూర్చుని చూసినవాడే అయ్యుంటాడు.

ఇక రంగు. 'మాయాబజార్' నలుపు తెలుపు సినిమా. అందులో కృష్ణుడు బూడిదరంగులో ఉంటాడు. 2010లో రంగులు వేసి విడుదల చేసేదాకా ఆ కృష్ణుణ్ణి నీలంగా చూసినవాడు లేడు. అయినా మా అత్తని అడిగినా, మా అమ్మని అడిగినా, నీలంగానే ఉన్నాడనేవాళ్లు. నేనూ అదే అనేవాణ్ణి, మొన్న మళ్లీ పాత ప్రతి చూసేదాకా. క్యాలెండర్ నీలాన్ని హాల్లోకి మోసుకెళ్లి, హాల్లోని ముఖాన్ని ఇంటి క్యాలెండర్‌లోకి మోసుకొచ్చాం. అసలు కృష్ణుడన్న పేరుకే నలుపని అర్థం. పోతన గోపికలు పొదల్లో వెదికింది నల్లనివాణ్ణి. గుళ్లో మూలవిరాట్టులు నల్లరాయి. అచ్చులోకీ తెరమీదికీ వచ్చాక నలుపు నీలమై, నీలం పలచబడి, ఈనాటి టీవీ కృష్ణుల్లో దాదాపు గోధుమరంగుకి దిగింది. దేవుడు నల్లగా ఉన్నాడని పద్యం చదివే ఇంట్లోనే, పెళ్లిచూపుల నాడు పిల్ల చామనఛాయ అని గొణుగుతారు. ఆ గొణుగుడు పుట్టించింది సినిమా కాదు, అంతకుముందు నుంచీ ఉన్నదే. కానీ రాక్షసుడికి బొగ్గు రంగు, దేవుడికి తెల్లపొడి అని మేకప్ గదిలో పంచిపెట్టిన తీరు ఆ గొణుగుడికి బాగానే అండ అయింది.

రాక్షసుల మాటకొస్తే, ఎస్వీ రంగారావు ఒక్కడు ఆ లెక్కని తారుమారు చేశాడు. ఘటోత్కచుడు వేషానికి రాక్షసుడే, గద ఉంది, కోరమీసం ఉంది. అయినా హాల్లో పిల్లలు వాడి వైపే. కౌరవుల పెళ్లివిందు మొత్తం వాడు ఆరగిస్తుంటే చప్పట్లు కొట్టని ఊరు లేదు. ద్వాపరయుగంలో ఆ విందు దగ్గర గోంగూర ప్రస్తావన వచ్చినా ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. పింగళి నాగేంద్రరావు కలం చలవతో ద్వారక కృష్ణా జిల్లాలో ఒక పెద్ద మునసబు గారి లోగిలి అయిపోయింది. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర ఒక్కతే. జానపదుల కథల్లో, సురభి వారి నాటకంలో బతికిన పిల్ల శశిరేఖ. అరవంలో ఆమె పేరు వత్సల. ఆ పిల్ల వ్యాసుడి భారతంలో లేదని మా ఊళ్లో ఎవరితోనైనా అని చూడండి, వ్యాసుడే మరిచిపోయి ఉంటాడంటారు. పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులు ఒక్కరూ తెర మీదికి రారన్న సంగతి కూడా చాలామంది గమనించరు.

ఇక్కడే సీఎస్సార్ గారు కావాలి. ఆ సినిమాలో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంది. మూత తీసి చూస్తే, చూసినవాళ్లకి ఏది ప్రియమో అదే అందులో కనిపిస్తుంది. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనపడి మాట్లాడతాడు. మన దేశంలో టెలివిజన్ మొదలైంది 1959లో. అంతకు రెండేళ్ల ముందే ఈ సినిమా తీసిన విజయా సంస్థ వాళ్లు దాన్ని తెర మీద పెట్టేశారు. కృష్ణుడి వంతు వస్తుంది. ఏ ప్రేయసి కనపడుతుందోనని అందరూ ఎదురుచూస్తుంటే పాచికలు పట్టుకుని శకుని నవ్వుతూ ప్రత్యక్షం. ఆ శకుని సీఎస్సార్ ఆంజనేయులు. ఇరవయ్యేళ్ల కిందటి కృష్ణుడు, మొన్నటిదాకా వెంకన్న. కొత్త కృష్ణుడు పెట్టెలోకి తొంగిచూస్తే పాత కృష్ణుడు శకుని వేషంలో నవ్వాడు. కె.వి.రెడ్డి కావాలని చేశాడనను. హాల్లో వెనక వరసల్లో కూర్చున్న ముసలివాళ్లలో ఎవరో ఒకరికి మాత్రం చివుక్కుమని ఉంటుంది.

1960లో 'శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం' వచ్చాక వ్యవహారం తెర దాటింది. హాళ్ల ఆవరణలో స్వామి విగ్రహం పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లినవాళ్లున్నారు. తిరుపతికి బయల్దేరిన యాత్రికుల బస్సులు దర్శనం అయ్యాక తిన్నగా మద్రాసు పోయి, త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో రామారావు ఇంటి ముందు ఆగేవి. ఆయన పొద్దున్నే బయటికొచ్చి దండం పెట్టేవాడు. కొండ మీద మూలవిరాట్టు కళ్లు నామం చాటున ఉంటాయి. క్షణం సేపు, తోపులాటలో, దూరం నుంచి దర్శనం. మద్రాసులో అయితే కళ్లు కనపడతాయి, ఆ కళ్లు తిరిగి మనల్ని చూస్తాయి. ఆ బస్సు దిగిన ఆడవాళ్లని మూఢులని నవ్విన విద్యావంతులు చాలామంది. నాకు నవ్వు రాదు. కొండ మీద దొరకని తీరిక వాళ్లకి ఆ వీధిలో దొరికింది.

అయినా ఆ జనం లెక్క మరీ అంత తేలిక కాదు. 1963లో 'నర్తనశాల'లో రామారావు అర్జునుడు, కృష్ణుడు కాంతారావు. కృష్ణుడు అర్జునుడి వేషం వేశాడేమిటని ఎవరూ టికెట్టు డబ్బు వాపసు అడగలేదు. 1961 'సీతారామ కళ్యాణం'లో రామారావు రావణుడు. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో ఏకంగా కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. దాదాపు నాలుగు గంటల సినిమా. అదే రోజు శోభన్‌బాబు కృష్ణుడుగా, కృష్ణ అర్జునుడుగా 'కురుక్షేత్రం' విడుదలైంది, పోటీలో నిలవలేదు. ఊళ్లలో ఎక్కువగా మోగింది దుర్యోధనుడి మాటలే. కులం గురించి కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు క్యాసెట్లయి, టీకొట్లలో అరిగిపోయేదాకా తిరిగాయి. ఆ వాదన సినిమావాళ్ల కల్పన అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి దాని విత్తనం ఆదిపర్వంలోనే ఉంది. వీరుల పుట్టుకా నదుల పుట్టుకా తెలుసుకోవడం కష్టమన్న వాదన దుర్యోధనుడు అక్కడే చేస్తాడు. పురాణంలో లేని శశిరేఖ ఉందని నమ్మాం, ఉన్న వాదన లేదని నమ్మాం.

ఇక అందరూ ఎదురుచూసే 1983. 1982 మార్చి 29న రామారావు పార్టీ తెలుగుదేశం పుట్టింది, పాత షెవర్లే బండి చైతన్యరథమైంది, తొమ్మిది నెలలకే 294 స్థానాల్లో రెండు వందలకు పైగా గెలుచుకుంది. ఢిల్లీ, బొంబాయి పత్రికలకి కథ దొరికింది. ఆంధ్రులు అమాయకులు, సినిమా దేవుణ్ణి నిజం దేవుడనుకుని ఓటేశారు. ఈ కథ ఎంత బాగా అతుక్కుందంటే, మన ప్రొఫెసర్లు కూడా పేజీల కొద్దీ అదే రాశారు. ముఖం పచ్చబొట్టవడం గురించి ఇంతసేపు చెప్పిన నేనే ఇక్కడ అడ్డం తిరుగుతాను. సినిమా ఆంధ్రుడి బుర్రలో ఒక బొమ్మ వేసిందన్నది ఎంత నిజమో, పత్రిక దేశం బుర్రలో ఆంధ్రుడి బొమ్మ వేసిందన్నదీ అంతే నిజం.

ఆ కథలో చోటు దొరకని సంగతులివి. అంతకుముందు అయిదేళ్లలోపే నలుగురు ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ మార్చింది. 1982 మొదట్లో బేగంపేట విమానాశ్రయంలో వాళ్లలో ఒకరైన అంజయ్య గారికి జరిగిన అవమానం పల్లెపల్లెకీ పాకింది. కిలో రెండు రూపాయల బియ్యం అన్న హామీ ఉంది. ఊళ్లకి పొద్దున్నే చేరే దినపత్రిక అండగా ఉంది. సినిమాలంటారా, ఆ రెండు మూడేళ్లుగా జనం చూస్తున్న రామారావు పింఛం పెట్టుకున్నవాడు కాదు. 'సర్దార్ పాపారాయుడు', 'జస్టిస్ చౌదరి', 'బొబ్బిలి పులి'. పక్కనున్న తమిళనాట ఎమ్జీఆర్ 1977లోనే గెలిచాడు. ద్రావిడ ఉద్యమంలోకి వచ్చాక ఆయన పౌరాణికాల జోలికే పోలేదు. దేవుడి వేషం వేయని సినిమా నటుడు కూడా గెలుస్తాడని పక్క రాష్ట్రమే చెప్పింది, వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. 1989లో అదే జనం తెలుగుదేశాన్ని దింపేశారు. హిందూపురంలో నెగ్గిన రామారావు కల్వకుర్తిలో ఓడిపోయాడు. కల్వకుర్తివాళ్లు దేవుణ్ణి ఓడించామనుకున్నారా? ఒక ముఖ్యమంత్రిని ఓడించామనుకున్నారు. మా అత్త ఆ ఏడు ఎవరికి వేసిందో చెప్పలేదు గానీ, ఓటేసి వచ్చి కాళ్లు కడుక్కుని, గూట్లో క్యాలెండర్‌కి ఎప్పటిలాగే దీపం పెట్టింది.

ముఖం ఎవరిదన్న తగువు 2023లో కోర్టుకెక్కింది. శతజయంతి సందర్భంగా ఖమ్మం లకారం చెరువులో 54 అడుగుల రామారావు విగ్రహం తయారైంది, కృష్ణుడి రూపంలో. యాదవ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మనిషిని దేవుడిగా నిలబెట్టడమేమిటని. హైకోర్టు ఆవిష్కరణ ఆపింది. పిల్లనగ్రోవి, పింఛం లాంటి గుర్తులు తీసేస్తామని నిర్వాహకులు ముందుకొచ్చారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. గుర్తులు తీసేస్తే కృష్ణుడు పోయి రామారావు మిగులుతాడని వాళ్ల నమ్మకం. ముఖం తీసేస్తే తప్ప పోడని అవతలివాళ్ల భయం. రెండు పక్షాలూ ఆ సినిమాలు చూసినవాళ్లే.

అత్త పోయాక ఇల్లు అమ్మేశారు. గూడు ఖాళీ చేస్తుంటే ఇత్తడి లక్ష్మిని పెద్ద కోడలు తీసుకుంది, మట్టి వినాయకుడు అప్పటికే విరిగిపోయాడు. క్యాలెండర్ అట్ట చేతిలో పట్టుకుని మా బావ చాలాసేపు నిలబడ్డాడు. "దేవుడి పటమైతే పారెయ్యకూడదు, సినిమా బొమ్మయితే ఏం ఫర్వాలేదు. ఏం చెయ్యమంటావురా?" అన్నాడు. నేను ఏమీ అనలేదు. అట్టని తువ్వాల్లో చుట్టి సైకిల్ మీద పెట్టుకుని, రేవు దాకా తొక్కుకుంటూ పోయి కృష్ణలో కలిపి వచ్చాడు.

(వచ్చే సంచికలో: ఆదివారం పొద్దున్నే ఖాళీ అయిన వీధులు – దూరదర్శన్ రామాయణం)